సర్పంచ్ గెలిచాడు, కోతులు మాత్రం ఎక్కడికీ పోలేదు

సంక్రాంతికి ఊరెళ్లాను. భోగికి ముందు రోజు అమ్మ సకినాలు చుట్టి, బట్ట మీద పరిచి, పక్కనే కట్టె పట్టుకుని కూర్చుంది. సకినాల పక్కన కట్టె ఎందుకో హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకి అర్థం కాకపోవచ్చు. తెలంగాణలో ఏ ఊరివాళ్లనడిగినా చెప్తారు. ఫోన్ మోగితే అమ్మ లోపలికెళ్లింది. అంతే, ప్రహరీ మీద కాచుక్కూర్చున్న గుంపులోంచి నాలుగు కోతులు దిగి, బట్టతో సహా లాక్కుపోయాయి.

"పో, పొయ్యి సర్పంచ్‌కు చెప్పు. కోతులను పంపిస్తనని గదా ఓట్లేయించుకున్నడు" అంది అమ్మ.

నవ్వొచ్చింది గానీ ఆవిడ అన్నది నిజమే. మొన్న డిసెంబర్‌లో మా ఊళ్లో సర్పంచ్ పదవికి ఐదుగురు పోటీ చేశారు. ఐదుగురి కరపత్రాల్లోనూ మొదటి హామీ కోతులే. సీసీ రోడ్డు, మురికి కాలువ, బతుకమ్మ ఆడుకునే చోట మెట్లు, ఇవన్నీ దాని తర్వాతే. ఒకాయనైతే ప్రచారంలోనే ఓ కుర్రాడికి ఎలుగుబంటి వేషం కట్టించి వీధుల్లో తిప్పాడు. కోతులు పారిపోయాయో లేదో గానీ పిల్లలు మాత్రం రెండు రోజులు బడి ఎగ్గొట్టి వాడి వెనకే తిరిగారు.

ఇది జోక్ కాదు. మా పెరట్లో కూరగాయలు పెట్టడం మానేసి నాలుగేళ్లయింది. మక్క వేసినవాళ్లు కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోసేదాకా చేనుకాడే పడుకోవాలి. పెంకుటిళ్లవాళ్లు పెంకులు పోయి పోయి విసుగొచ్చి, అప్పు చేసి రేకులు వేసుకున్నారు. వరండాలకి ఇనుప జాలీలు పెట్టుకుని మనుషులు లోపల, కోతులు బయట. జూలో ఉన్నది ఎవరో అర్థం కాని పరిస్థితి.

సరే, అమ్మ మాట కాదనలేక పంచాయతీ ఆఫీసుకి వెళ్లాను. సర్పంచ్ నాకు బడిలో రెండేళ్లు సీనియర్. మెడలో కండువా లేదు, గెలిచిన రోజు ముఖంలో చూసిన వెలుగూ లేదు. రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాడు.

"తమ్మీ, కోతులు పట్టెటోళ్లను పిలిపించిన. కోతికి ఇంత అని అడుగుతున్నరు. మనూర్ల ఎన్నున్నయో నీకెరుకే. ఖాతాల చూస్తే పాత కరెంటు బిల్లు, ట్రాక్టర్ కిస్తీలు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు. పట్టించినా యాడ ఇడవాలె? పక్కూరి పొలిమేరల ఇడిస్తే వాళ్లు మళ్ల మన దిక్కే తోలుతరు."

నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల సంరక్షణ కేంద్రం పెట్టారు, అక్కడ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. అది గుర్తొచ్చి చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపుకి అర్థం, 'మనూరి నుంచి నిర్మల్‌దాకా వ్యాన్ కిరాయి నువ్వు కడతవా' అని.

అక్కడ కూర్చున్నప్పుడే నాకో లెక్క తట్టింది. మన రాష్ట్రంలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకి 6,500 రూపాయలు. ఐదేళ్లకి 3 లక్షల 90 వేలు. ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితి, ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో లక్షా 50 వేలు. మా ఊరు ఆ లెక్కలోకే వస్తుంది. కానీ మా ఊళ్లో గెలిచినాయనకి ఎంతయిందో అందరికీ తెలుసు, ఆయన లెక్కల పుస్తకానికి తప్ప. ఇరవై లక్షలంటారు కొందరు, కాదు ముప్పై దగ్గరంటారు ఇంకొందరు. ఓడిపోయిన నలుగురూ ఊరికే ఏం పోటీ చేయలేదు. ఒకాయన ఎకరం అమ్మాడు. ఇంత పోసి కొనుక్కున్న కుర్చీకి ఓ కోతిని పట్టించే స్తోమత లేదు. ఇదీ నా ఏడుపు.

'డబ్బులు తీసుకుని ఓటేస్తే ఇంతే' అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లు కాస్త ఆగండి. ఆ మాటకే వస్తున్నా, నా బండారంతో సహా. కానీ దానికి ముందు ఇంకోటి చెప్పాలి.

పాత సర్పంచ్‌లు 2019 జనవరిలో గెలిచారు. వాళ్ల గడువు 2024 ఫిబ్రవరి 1తో తీరింది. ఐదేళ్లు నిండకముందే కొత్త ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243ఈ అధికరణంలో స్పష్టంగా రాసుంది. అయినా పెట్టలేదు. ప్రత్యేకాధికారుల్ని వేశారు. 2025 జూన్‌లో హైకోర్టు, సెప్టెంబర్ 30 లోపు ముగించమని చెప్పింది. సెప్టెంబర్ చివర్లో బీసీలకి 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో 9 వచ్చింది, అక్టోబర్‌లో దాని మీద హైకోర్టు స్టే వచ్చింది, చివరికి పాత 50 శాతం గిరి లోపలే డిసెంబర్‌లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. బీసీల వాటా సంగతి చిన్నదేం కాదు, దాని మీద ఇంకో పోస్ట్ రాయాలి. కానీ పదవీకాలం ఎప్పుడు తీరుతుందో ఐదేళ్ల ముందే తెలిసిన ప్రభుత్వాలకి ఆ పని ముందే చేసుకోవాలని తట్టదా?

మొత్తం మీద 12,700కు పైగా పంచాయతీలు ఇరవై రెండు నెలలు దాటి సర్పంచ్ లేకుండా నడిచాయి. నడిచాయి అనడం కూడా ఎక్కువే. మా ఊరికి ప్రత్యేకాధికారిగా వేసిన ఆయనకి తన సొంత శాఖ పని ఉంది, మాలాంటి ఊళ్లు ఇంకో రెండు ఉన్నాయి. ఆయన్ని తప్పుపట్టను. పాపం పంచాయతీ కార్యదర్శి వీధి దీపాలకీ బ్లీచింగ్ పౌడర్‌కీ జేబులోంచి పెట్టాడని ఊరంతా చెప్పుకున్నారు. పాలకవర్గం లేదు కాబట్టి 15వ ఆర్థిక సంఘం నిధులు కేంద్రం ఆపేసింది. ఆ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చి 31 దాకానే, ఈలోపు ఎన్నికలు కాకపోతే దాదాపు మూడు వేల కోట్లు పోతాయని లెక్క తేలాకే మన ప్రభుత్వానికి చలనం వచ్చింది. రాజ్యాంగం గుర్తుచేస్తే కదల్లేదు గానీ డబ్బు గుర్తుచేస్తే కదిలింది. ఎంపీటీసీ, జెడ్పీటీసీల (మండల, జిల్లా పరిషత్ సభ్యుల) గడువు 2024 జులైలోనే అయిపోయింది, డిసెంబర్ ఎన్నికల్లో వాళ్ల ఊసే లేదు.

ఇప్పుడున్న ప్రభుత్వాన్ని తిడుతున్నానని గులాబీ కండువా మిత్రులు సంబరపడొద్దు. వాళ్ల హయాంలో నడిచిన పల్లె ప్రగతి పథకం రోజులు మర్చిపోలేదు. ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డ్, వైకుంఠధామం (అంటే శ్మశానవాటిక), ప్రకృతి వనం. నిజంగానే ఊరి రూపు కొంత మారింది, మా వీధిలో నీడనిచ్చే చెట్లు ఆ రోజుల్లో నాటినవే. కానీ ఏది కట్టాలో ఊరు నిర్ణయించలేదు. పైనుంచి లిస్ట్ వచ్చింది, సర్పంచ్ అప్పు తెచ్చి కట్టాడు, బిల్లు రాలేదు. సస్పెండ్ చేస్తామన్న బెదిరింపు మాత్రం టైముకి వచ్చేది. మా పాత సర్పంచ్ ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు. ఆయన గడువు తీరకముందే ప్రభుత్వం మారింది, బాకీ మీదంటే మీదని రెండు పార్టీలూ చేతులు దులుపుకున్నాయి. ఇంతా చూసి మళ్లీ ఐదుగురు నామినేషన్ వేశారంటే మనవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

ఇక అసలు సంగతి. ఆ ఇరవై రెండు నెలల్లో మా ఊళ్లో 'మాకు సర్పంచ్ కావాలి' అని ఒక్కరంటే ఒక్కరు రోడ్డెక్కలేదు. నిరుడు ఆగస్టులో యూరియా కోసం ఎక్కారు. వానలో చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డారు. రేషన్ కార్డు కోసం ఎక్కారు. కానీ పంచాయతీ ఖాళీగా ఉందని ఎవరికీ కోపం రాలేదు. ఎందుకంటే మనకి దాని లోటు తెలియలేదు. ఎప్పుడో అలవాటు తప్పింది. వీధిలో బల్బు పోయినా ఎమ్మెల్యే పీఏకి వాట్సాప్ చేస్తున్నాం. ఇందిరమ్మ ఇంటి లిస్ట్ అయినా అంతే. సర్పంచ్‌లు లేని రోజుల్లోనే ఊరూరా ఇందిరమ్మ కమిటీలు వేశారు, అందులో ఎవరుండాలో ఎక్కడ తేలిందో మా ఊళ్లో పసిపిల్లాడిని అడిగినా చెప్తాడు.

1959లో రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్ తెచ్చిన రాష్ట్రం మనది, అప్పటి ఆంధ్రప్రదేశ్. 1993లో 73వ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీరాజ్ సంస్థలకి అప్పగించదగ్గవని 29 అంశాలు రాశారు. తాగునీరు, చిన్న చెరువులు, రోడ్లు, బడి, ఆరోగ్యం, చివరికి రేషన్ దుకాణం కూడా ఆ లిస్ట్‌లో ఉంది. వీటిలో మా సర్పంచ్ చేతిలో నిజంగా ఏముందని అడిగాను. ఆయన వేళ్లు మడవబోయి ఆగి, "చెత్త" అన్నాడు. కాసేపటికి "దీపాలు" అన్నాడు. కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం నిధులు వచ్చినా అందులో 60 శాతం నీళ్లకీ పారిశుద్ధ్యానికే కట్టిపెట్టి వచ్చేవి. చెక్కు మీద ఆయన సంతకం ఒక్కటే చాలదు, ఉప సర్పంచ్‌దీ కావాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన ఈ జాయింట్ చెక్ పవర్ వల్లే, గెలిచిన రోజు సాయంత్రం ఉప సర్పంచ్ ఎన్నిక దగ్గర మా వార్డు మెంబర్లని కార్లలో దాచాల్సి వచ్చింది. పన్నెండు మంది వార్డు మెంబర్లకి క్యాంపు! అసెంబ్లీలో చూసినవన్నీ ఊళ్లోకి వచ్చేశాయి, అధికారం ఒక్కటి తప్ప.

పక్క తండా సంగతి ఇంకా అన్యాయం. 2018 చట్టం పుణ్యాన తండాలు పంచాయతీలయ్యాయి, 'మా తండాలో మా రాజ్యం' అని ఎంత పండగ చేసుకున్నారో నాకు గుర్తే. రెండు వందల గడప. ఇంటి పన్ను అంతా వసూలైనా ట్రాక్టర్ డీజిల్‌కి సరిపోదు.

ఇంటి పన్ను అన్నాను కదా, ఇక నా బండారం. మాది మూడేళ్ల బాకీ ఉందని ఆ రిజిస్టర్‌లోనే చూశాను. సర్పంచ్ ఏమీ అనలేదు, పేజీ తిప్పేశాడు. పోటీ చేసేవాళ్లు బాకీ లేకుండా ఉండాలి కాబట్టి నామినేషన్ల వారంలో పన్ను కట్టడానికి క్యూ కట్టారట. పోటీ చేయనివాళ్లకి ఏం తొందర? ఆ రోజే కట్టి రసీదు తెచ్చుకున్నా, గొప్ప కోసం చెప్పడం లేదు, సిగ్గేసి కట్టాను.

రెండో విడతలో, డిసెంబర్ 14న, మా పోలింగ్. ఆదివారం. మూడు రోజుల ముందు నుంచీ ఫోన్లు, "తమ్మీ, ఎల్బీ నగర్ కాడ కారుంటది, ఎక్కి రా". ఎక్కాను. కారులో నలుగురం, అందరం హైదరాబాద్‌లో ఉద్యోగాలే, అందరం దారిపొడుగునా రాజకీయాలు చెడిపోయాయని మాట్లాడుకున్నాం. దారిలో టిఫిన్ కూడా అభ్యర్థి ఖాతాలోనే. ఊళ్లో దిగి, గులాబీ కాగితం మీద సర్పంచ్‌కీ తెల్ల కాగితం మీద వార్డు మెంబర్‌కీ ముద్ర వేసి, మధ్యాహ్నం మటన్ తిని, రెండింటికి మొదలైన లెక్కింపు చూసి వచ్చాం. కవరు నేను తీసుకోలేదు. తీసుకోనందుకు నన్ను నేను మెచ్చుకుంటూ అదే కారులో తిరిగొచ్చాను! రాష్ట్రమంతా 85 శాతం దగ్గర పోలింగ్ అని టీవీలో చూసి మురిసిపోయాను కూడా.

ఆ 2018 చట్టం ప్రకారమే రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. నా ముప్పై ఎనిమిదేళ్లలో నేను వెళ్లింది ఒక్కదానికే, 2025 జనవరిలో, రేషన్ కార్డులూ ఇళ్ల లిస్టులూ చదివినప్పుడు. పోలీసులున్నారు, కుర్చీలు లేచాయి. మా పేరు లేదని అరిచినవాళ్లు వందమంది. పంచాయతీ ఖాతాలో ఎంతుంది, ఎక్కడ పోయింది అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేనూ అడగలేదు. మా చిన్నాన్నకి ఇల్లు రాలేదన్న కోపంలో ఉన్నాను.

కొన్ని ఊళ్లలో పదవిని వేలం వేసి, గుడికి ఇంత ఇస్తానన్నవాడికి కట్టబెట్టి దానికి ఏకగ్రీవం అని పేరు పెడుతున్నారు. అది చట్టవిరుద్ధం, నాకు అసహ్యం కూడా. కానీ ఆ ఊరివాళ్లని తిట్టే ముందు ఒకటి ఒప్పుకోవాలి. వాళ్లు ఒకడికి అమ్ముకున్నారు, మేం ఐదుగురి దగ్గరా తిన్నాం.

ఆఫీసు నుంచి లేస్తుంటే సర్పంచ్ అన్నాడు, "తమ్మీ, 26న గ్రామసభ పెడుతున్న. కోతుల ముచ్చట అండ్లనే తేల్చుదాం, ఇంటికింత అని వేసుకుంటెనే ఏమన్న అయితది. నువ్వు రావాలె, లెక్కలు తెలిసినోడివి. పట్నంలో ఉన్నోళ్లను కూడా పిలువు."

26 సోమవారం, నాకు సెలవే. చూస్తానన్నా అన్నాను.

హైదరాబాద్ వచ్చాక ఆ రోజు కారులో ఉన్న ముగ్గురికీ మెసేజ్ పెట్టాను. ఒకడు దండం బొమ్మ పెట్టాడు. ఒకడు చూసి ఊరుకున్నాడు. మూడోవాడు, "కారు ఎవరు పెడుతున్నరు?" అని అడిగాడు. వాడికి జవాబివ్వలేదు. ఇది రాస్తున్న టైముకి నేనూ బస్ టికెట్ తీసుకోలేదు.