ఫిరౌన్ దెప్పిపొడుపు, మూసా జవాబు

"పెంచి పెద్ద చేశాం, అన్నం పెట్టాం, ఇప్పుడు మమ్మల్నే నిలదీస్తావా?" ఈ మాట ఇంట్లో పెద్దలు అంటారు, కొలువిచ్చిన యజమాని అంటాడు, వలస వచ్చినవాళ్లతో దేశాలకు దేశాలే అంటాయి. కృతజ్ఞతను అడ్డం పెట్టి, న్యాయం అడిగేవాడి నోరు మూయించడం చాలా పాత విద్య. ఖురాన్‌లో ఈ మాట ఈజిప్టు రాజు ఫిరౌన్ నోట వినిపిస్తుంది.

షుఅరా అనే సూరాలో, అంటే అధ్యాయంలో, ఉంది ఆ ఘట్టం. బనీ ఇస్రాయీల్‌ను, అంటే తన ఇశ్రాయేలు జాతిని, తనతో పంపించమని అడగడానికి ప్రవక్త మూసా (అ), అంటే మోషే, దర్బారుకు వెళ్తారు. ఫిరౌన్ అడిగినదానికి జవాబు చెప్పడు. "పసివాడిగా ఉన్నప్పుడు నిన్ను మేం పెంచలేదా? నీ వయసులో ఎన్నో ఏళ్లు మా మధ్యే గడిపావు కదా" అంటాడు. ఆపైన మూసా చేతిలో ఒక మనిషి చనిపోయిన పాత సంగతి తవ్వి, నువ్వు కృతఘ్నుడివి అంటాడు. మూసా ఆ పని తన వల్ల జరిగిందని ఒప్పుకుంటారు. పెంపకం సంగతీ కాదనరు. కానీ ఒక్క మాట అడుగుతారు: నువ్వు నాకు దెప్పుతున్న మేలు ఇదా, బనీ ఇస్రాయీల్‌ను బానిసలుగా చేసుకున్నావే!

ఈ జవాబు దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. పసిబిడ్డ మూసాను తల్లి నదిలో వదలాల్సి వచ్చిందే ఆ రాజు దాష్టీకం వల్ల. అదే రాజు, ఆ బిడ్డ తన ఇంట పెరిగిన సంగతిని అప్పుపత్రంలా చూపిస్తున్నాడు. ఒక్కడికి పెట్టిన అన్నం ఒక జాతి మెడ మీది కాడికి చెల్లు కాదు.

అలాగని ఇస్లాంలో కృతజ్ఞత చిన్న విషయం అనుకోకూడదు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ చూపనట్టే అన్నారు ప్రవక్త ముహమ్మద్ (స). లుక్మాన్ సూరాలో "నాకూ, నీ తల్లిదండ్రులకూ కృతజ్ఞుడివై ఉండు" అని రెండూ ఒకే ఆజ్ఞలో వస్తాయి. ఆ వెంటనే వచ్చే వాక్యాన్ని మాత్రం మనం ఉపన్యాసాల్లో తక్కువగా వింటాం: వాళ్లు నిన్ను బహుదైవారాధనకు బలవంతపెడితే మాట వినకు, అయినా లోకవ్యవహారంలో వాళ్లతో మంచిగా మసలుకో. చెప్పినట్టు వినకపోవడం, ప్రేమగా ఉండడం, రెండూ ఒకే బిడ్డ చేయాల్సిన పనులు. కన్నవాళ్ల ఋణానికే ఈ హద్దు ఉంటే, మిగతావాళ్లు చేసిన మేలుకు ఉండదా?

పరాయి దేశంలో బతుకుతున్న మనకు ఇంకా దగ్గరగా తగిలే కథ అబిసీనియాది (నేటి ఇథియోపియా ప్రాంతం). 615 ప్రాంతంలో మక్కాలో హింస భరించలేని విశ్వాసులను ప్రవక్త (స) అక్కడికి పంపారు. ఆయన చెప్పిన కారణం, ఆ రాజు ఏలుబడిలో ఎవరికీ అన్యాయం జరగదని. ఆ రాజు, నజాషీ, క్రైస్తవుడు. మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలు కానుకలిచ్చి ఇద్దరు దూతలను పంపి, వీళ్లను మాకు అప్పగించమన్నారు. రెండో పక్షం మాట వినకుండా అప్పగించేది లేదన్నాడు రాజు. విన్నాక అప్పగించనన్నాడు. మర్నాడు దూతలు గట్టి ఎత్తు వేశారు: ఈసా (అ), అంటే యేసు గురించి వీళ్లేమంటారో అడగండి! శరణార్థులు తమలో తాము మాట్లాడుకుని, ఏమైనా కానీ ఉన్నదే చెబుదాం అనుకున్నారు. వాళ్ల తరఫున జాఫర్ బిన్ అబీతాలిబ్ దర్బారులో నిలబడి, ఆయన అల్లాహ్ దాసుడు, ప్రవక్త అని చెప్పారు. ఆశ్రయమిచ్చినవాడిని మెప్పించడానికి మాట మార్చలేదు. రాజు కానుకలు వెనక్కి ఇచ్చి దూతలను పంపేశాడు.

ఆ తర్వాత ఆ రాజు మీద ఒకడు తిరుగుబాటు చేసినప్పుడు ఈ శరణార్థులు పడ్డ బాధను వాళ్లలో ఒకరైన ఉమ్మె సలమా (ర) వివరించారు. రాజు గెలవాలని వాళ్లు దుఆ (ప్రార్థన) చేశారు. యుద్ధం ఏమైందో తెలుసుకోవడానికి వాళ్లలో యువకుడైన జుబైర్ గాలి నింపిన తోలుతిత్తి పట్టుకుని నైలు నది ఈదాడు. దర్బారులో నిజం చెప్పిన గుంపే ఇది. ఆశ్రయమిచ్చిన దేశంలో ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే, నేను ఈ రెండు ఘట్టాలూ కలిపే చెబుతాను.

మక్కా పెద్దల్లో ఒకరైన ముత్ఇమ్ బిన్ అదీ ఇస్లాం స్వీకరించలేదు. తాయిఫ్ పట్టణంలో రాళ్ల దెబ్బలు తిని వచ్చిన ప్రవక్తకు (స) మక్కాలో రక్షణ ఇచ్చింది ఆయనే. 624లో బద్ర్ యుద్ధం తర్వాత ఖురైష్ ఖైదీలు చేతికి చిక్కినప్పుడు, ముత్ఇమ్ బతికుండి వీళ్ల కోసం నాతో మాట్లాడి ఉంటే విడిచిపెట్టేవాణ్ని అన్నారు ప్రవక్త (స). అప్పటికే ఆయన చనిపోయారు. అయితే మఖ్జూమ్ తెగకు చెందిన ఒక స్త్రీ దొంగతనం చేస్తే, తనకు ప్రాణసమానుడైన ఉసామా సిఫారసుకు వచ్చినా ప్రవక్త (స) మందలించారు. నా కూతురు ఫాతిమా చేసినా శిక్ష ఇదే అన్నారు. ఖైదీలను విడవడం ఆయన ఇష్టానికి వదిలిన విషయం. అందరికీ ఒక్కటిగా ఉండాల్సిన తీర్పులో మాత్రం ఏ మొహమాటానికీ చోటివ్వలేదు.

ఇక ఇచ్చేవాడి సంగతి. "అల్లాహ్ కోసమే మీకు అన్నం పెడుతున్నాం, మీ నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరం" అంటారు సజ్జనులు, ఖురాన్ 76వ సూరాలో. దెప్పిపొడిచి, నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోవద్దని బఖరా సూరా ఆజ్ఞ. సొమ్ము నిసాబ్ అనే కనీస పరిమితికి చేరితే ఏటా ఆ సొమ్ములో తీసే 2.5 శాతం జకాత్‌ను, అంటే తప్పనిసరి దానాన్నైతే, దయ అనడమే తప్పు. ధనవంతుడి ఆస్తిలో అడిగేవాడికీ, లేనివాడికీ హక్కు ఉందని ఖురాన్ అంటోంది. హక్కు తీసుకున్నవాడు తల వంచాల్సిన పని లేదు.

అందుకే మన సంఘాలకు ఒక సూచన. సాయం అందుకున్న కుటుంబాలను వేదిక ఎక్కించడం, వాళ్ల ఫొటోలు పత్రికల్లో వేయడం మానేద్దాం. స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లల చేత ధన్యవాద ప్రసంగాలు చేయించవద్దు. పేదలకు గుట్టుగా ఇవ్వడమే మీకు మేలని అదే బఖరా సూరాలో ఉంది. వసూలైన ప్రతి రూపాయికీ, డాలరుకూ లెక్క మాత్రం అచ్చువేద్దాం. దాతలు అడగకపోయినా, అందుకున్నవాళ్లు అడిగినా.