మా గేటు మీద కాపురమున్న తుప్పు గారికి

మహారాజశ్రీ తుప్పు గారికి,

కర్నూలు పాతబస్తీ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ప్రతి ఉదయం గేటు తీయగానే మీ క్షేమసమాచారం అరచేతికి అంటుకుంటూనే ఉంది కనుక విడిగా అడగడం లేదు.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు మా ఇంటికి వచ్చి వెళ్లిపోయాయి. మీరు మాత్రం వచ్చి ఉండిపోయారు. నాటి నుంచి దసరా దసరాకూ మీకు రెడ్ ఆక్సైడ్ పూసి, పైన ఎనామెల్ కప్పుతున్నాం. రెడ్ ఆక్సైడ్ కూడా ఐరన్ ఆక్సైడేనని, అంటే మీకు స్వయానా దాయాది అని, నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మీకొక చేదు కబురు. నీళ్లలో కలిపే పాలిమర్ పూతల్లోకి మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టిని చేరుస్తున్నారు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి మా గోడలను చీల్చే నల్లరేగడిలో ఉండేదీ ఈ ఖనిజమే. ఇన్నాళ్లకు దానికొక గౌరవప్రదమైన ఉద్యోగం దొరికింది. దాని ఒక్కో రేకు మందం సుమారు 1 నానోమీటరు, వెడల్పు అందుకు వంద రెట్ల పైమాటే. ఆ రేకులు విడివిడిగా విచ్చుకొని పూతలో అడ్డంగా పరుచుకుంటే, మీకు ఆహారమైన నీరూ ఆక్సిజనూ నేరుగా ఇనుమును చేరలేక, మా పాతబస్తీ సందుల్లో పెళ్లిల్లు వెతుక్కునే చుట్టాల్లా తిరిగి తిరిగి అలసిపోతాయి. సాధారణంగా బరువులో 5 శాతం లోపు మట్టే చాలు. ఆశపడి ఎక్కువ కలిపితే రేకులు ఉండకట్టి, ఆ ఉండల పక్కనే మీకు రాజమార్గం ఏర్పడుతుంది. నీటితో పలుచన చేసేది కనుక థిన్నర్ ఘాటు దాదాపు ఉండదు, మిమ్మల్ని ఆపడానికి పూతల్లో కలిపే, కేన్సర్ తెచ్చే క్రోమేట్లనే రసాయనాల అవసరమూ తగ్గుతుందని పరిశోధకుల ఆశ.

అయినా మీరు కలత చెందవద్దు. నీటి పూతను నగ్నమైన ఇనుముకు రాస్తే, మిమ్మల్ని అడ్డుకునే తగిన రసాయనం కలపని పక్షంలో, తడి ఆరేలోపే మీరు మచ్చలై మొలకెత్తగలరు. అంతకంటే పెద్ద అండ మేమే. ఏ పూతైనా ఇనుమును గట్టిగా పట్టుకుంటేనే పని చేస్తుంది, మీ మీద పూసినది మిమ్మల్నే పట్టుకుంటుంది. పోయిన దసరాకు పెయింటర్ "గీకల్లంటే ఇంకో రెండు దినాల కూలి అయితాది సార్" అంటే, "పైపైన కొట్టేయప్పా" అన్నది నేనే.

ఈసారి కొత్త పూత ధర విచారించాను. ఉప్పుకాగితం ధర అడగలేదు.

ఇట్లు,
మీ గేటు యజమాని