బ్రిటన్‌కు 22 మంది మంత్రులే చాలట!

మళ్లీ వచ్చింది. ఎప్పటినుంచో తిరుగుతున్న మెసేజే. ఈసారి పైన బ్రిటన్ జెండా, కింద దండాల ఎమోజీలు తగిలించుకుని వచ్చింది. చూడని అదృష్టవంతుల కోసం దాని సారం: బ్రిటన్‌ను 22 మంది మంత్రులు నడిపేస్తుంటే మనకు 72 మంది ఎందుకు? అక్కడ చదువుల మంత్రి మాస్టారే, వైద్య మంత్రి డాక్టరే. ప్రధాని మామూలు వీధిలో, కాపలా లేని ఇంట్లో ఉంటాడు. నిమిషం ఆలస్యమైతే మంత్రి రాజీనామా చేసేస్తాడు. అందరి మీదా రాజు ఉన్నాడు, నచ్చని మంత్రిని ఇంటికి పంపేస్తాడు. మనకూ అలాంటి ఒక్కడు ఉంటే చాలు. చివర్లో 'పది మందికి పంపండి'. పంపుతూనే ఉన్నారు.

ముందు లెక్క సంగతి, ఎందుకంటే మెసేజ్ అంతా దాని మీదే నిలబడింది. 22 అబద్ధం కాదు, అది ప్రధానితో కలిపి బ్రిటన్ కేబినెట్ సంఖ్య, అంటే కూర్చుని నిర్ణయాలు తీసుకునే పెద్ద మంత్రుల లెక్క. ఒకరిద్దరు అటూఇటూగా ఎప్పుడూ అంతే ఉంటుంది. 72 కూడా అబద్ధం కాదు, అది 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రమాణం చేసిన మొత్తం మంత్రిమండలి, సహాయ మంత్రులతో సహా. అక్కడ కేబినెట్‌ను, ఇక్కడ మంత్రిమండలిని తీసుకుని తీసివేత చేశారు. మోకాలికీ బోడిగుండుకీ ముడి.

కేబినెట్‌ను కేబినెట్‌తోనే పోల్చండి. ఆ 72లో ప్రధాని, 30 మంది కేబినెట్ మంత్రులు, ఐదుగురు స్వతంత్ర హోదా సహాయ మంత్రులు, 36 మంది మామూలు సహాయ మంత్రులు. అంటే కేబినెట్ 31. వాళ్లది 22. పైగా వాళ్ల దగ్గర 'కేబినెట్‌కు హాజరయ్యేవారు' అని ఇంకో వరస ఉంటుంది: చీఫ్ విప్, అటార్నీ జనరల్ వంటివాళ్లు. కూర్చునేది ఆ బల్ల దగ్గరే, లెక్కలో మాత్రం పూర్తి సభ్యులు కారు.

ఇప్పుడు మొత్తం మంత్రులు. బ్రిటన్‌లో 1975లో చేసిన జీతాల చట్టం మంత్రులు, విప్‌లు, అటార్నీ జనరల్ వంటి ప్రభుత్వ న్యాయవాదులు కలిపి 109 జీతాలకు హద్దు పెట్టింది. గమనించండి, హద్దు జీతాలకు, మనుషులకు కాదు. అది నిండిపోతే జీతం తీసుకోని మంత్రులను పెట్టుకుంటారు. అలా మొత్తం 120 దాకా వెళ్లింది. దాదాపు 7 కోట్ల జనాభాకి! అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం దిగువసభ నుంచి మంత్రులు 95కు మించకూడదంది. 650 మందిలో 95 అంటే 14.6 శాతం. మనకు 91వ సవరణ పెట్టిన హద్దు లోక్‌సభ సంఖ్యలో 15 శాతం, అంటే 81. రెండు దేశాలూ ఇంచుమించు ఒకే గీత దగ్గర ఆగాయి. తేడా ఏమిటంటే మన 81లో రాజ్యసభ మంత్రులూ ఇమిడిపోవాలి. వాళ్ల 95కు ఎగువసభ అయిన ప్రభువుల సభ మంత్రులు అదనం.

వీళ్లందరూ కాక, మంత్రులకు సాయంగా ఉండే ఎంపీలు, 'పార్లమెంటరీ ప్రైవేట్ సెక్రటరీలు' ఉంటారు. మంత్రులు కారు, జీతం లేదు, కానీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేస్తే ఆ పని పోతుంది. 2022 జూలైలో మూడు రోజుల్లో 50 మందికి పైగా రాజీనామా చేసి ప్రధాని బోరిస్ జాన్సన్‌ను దింపారు. మంత్రులే 22 మందైతే ఈ 50 మంది ఎక్కణ్నుంచి ఊడిపడ్డారు? వాళ్లలో ఎక్కువమంది సహాయ మంత్రులు, ఈ సెక్రటరీలు. కేబినెట్ వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఈ గందరగోళంలో తెలుగు పత్రికల వాటా కూడా ఉంది. కేబినెట్‌కూ మంత్రిమండలికీ కలిపి 'మంత్రివర్గం' అనేస్తాయి. సహాయ మంత్రి ప్రమాణం చేసినా 'కేబినెట్ విస్తరణే'. అమరావతిలో, హైదరాబాద్‌లో మంత్రులంతా కేబినెట్‌లోనే కూర్చుంటారు గనక రాష్ట్రంలో ఆ మాట చెల్లుతుంది. ఢిల్లీకి చెల్లదు. సహాయ మంత్రికి తన శాఖ అంశం వచ్చినప్పుడు పిలిస్తే తప్ప కేబినెట్ సమావేశంలో చోటుండదు.

డాక్టరే వైద్య మంత్రి? అక్కడ పదేళ్లు ఆర్థిక మంత్రిగా ఖజానా చూసిన గోర్డన్ బ్రౌన్ చరిత్రలో డాక్టరేట్ చేశాడు. ఆర్థికవేత్తను ఆర్థిక మంత్రిని చేసింది 1991లో మనమే. చదువుల శాఖకైతే 2022 ఒక్క ఏడాదిలో ఐదుగురు మంత్రులు మారారు, అందులో ఒకామె రెండు రోజులైనా నిండకుండానే దిగిపోయింది. ఆమె మాస్టారా, హెడ్మాస్టారా అని ఎవరైనా అడిగే వ్యవధి కూడా లేదు.

కాపలా లేని ఇల్లు: ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్ చివర 1989 నుంచి ఇనుప గేట్లున్నాయి. తర్వాతిది.

ఇక రాజు. నవ్వి వదిలేయలేనిది ఇదొక్కటే. బ్రిటన్‌లో రాజు తన ఇష్టంతో ప్రభుత్వాన్ని పంపేయడం చివరిసారి 1834లో జరిగింది. నాలుగో విలియం రాజు ప్రధాని మెల్‌బోర్న్‌ను దింపి పీల్‌ను ఎక్కించాడు. ఎన్నికలొచ్చాయి, పీల్‌కు మెజారిటీ రాలేదు, 1835 ఏప్రిల్‌కల్లా అదే మెల్‌బోర్న్ తిరిగొచ్చి కూర్చున్నాడు. రాజుగారు నోరు మూసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఆ సాహసం చేయలేదు. బిల్లుకు ఆమోదం నిరాకరించడం ఇంకా పాతమాట, 1708. మంత్రిని తీసేయాలంటే ప్రధాని తీసేస్తాడు, రాజు సంతకం పెడతాడు. పార్లమెంటులో రాజు చదివే ప్రసంగం మంత్రులు రాసిచ్చిందే. 2012 డిసెంబరులో ఎలిజబెత్ రాణి కేబినెట్ సమావేశానికి వస్తే, పరిశీలకురాలిగా కాసేపు కూర్చోబెట్టి, 60 టేబుల్ మ్యాట్లు కానుకిచ్చి పంపారు. మీరు కోరుకుంటున్న 'పైన ఒక్కడు' అధికారం అంత.

కేబినెట్‌ను పక్కనపెట్టి పైవాళ్లే కానిచ్చేస్తే ఏమవుతుందో మనం చూడలేదా? 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ మీద రాష్ట్రపతి సంతకం అయిపోయింది. కేబినెట్‌ను పిలిచింది మర్నాడు పొద్దున ఆరింటికి, తల ఊపడానికి. అందుకే 1978లో 44వ సవరణ 352వ అధికరణంలో కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదని రాసింది. అంతకుముందు మన రాజ్యాంగంలో 'కేబినెట్' అన్న మాటే లేదు. ఆ మాట అందులోకి వచ్చిందే ఒక్కరి ఇష్టాన్ని ఆపడానికి. మీరేమో అదే ఒక్కరి కోసం దండాల ఎమోజీలు పెడుతున్నారు.

నిమిషం ఆలస్యం కథ నిజంగానే జరిగింది, 2018 జనవరిలో, ప్రభువుల సభలో. ఆ సహాయ మంత్రి పేరు బేట్స్. మెసేజ్ మింగేసిన భాగం: ప్రధాని ఆ రాజీనామాను ఒప్పుకోలేదు, ఆయన పదవిలోనే కొనసాగాడు. బాధ్యత తీసుకుని దిగిపోయినవాళ్లు కావాలంటే లండన్ దాకా ఎందుకు? 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చి వెళ్లిపోయారు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. పదవులు ఎక్కువయ్యాయన్న ఆ మెసేజ్ కడుపుమంట తప్పు కాదు, లెక్కపెట్టిన చోటు తప్పు. రాష్ట్రాలకూ అదే 15 శాతం హద్దు: ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలకు 26 మంది మంత్రులు, తెలంగాణలో 119కి 18, ముఖ్యమంత్రితో కలిపి. ఆ గీత ఎవరూ దాటరు. పక్కనుంచి వెళ్తారు. సలహాదారు, కార్పొరేషన్ ఛైర్మన్ అంటూ జీవో ఇచ్చి 'కేబినెట్ హోదా' తగిలిస్తారు. ప్రమాణం లేదు, సభలో జవాబు చెప్పే పని లేదు, 15 శాతంలో లెక్క లేదు. కారు, జీతం, సిబ్బంది మాత్రం ఖజానావి. ఎమ్మెల్యేలను మంత్రులకు సహాయకులుగా పెట్టే పార్లమెంటరీ కార్యదర్శుల దారిని తెలంగాణలో 2015లో హైకోర్టు ఆపింది, అస్సాం చట్టాన్ని 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. హోదాల దారి తెరిచే ఉంది. 72 వదిలేయండి, మీ రాష్ట్రంలో ఇప్పుడు కేబినెట్ హోదా ఎంతమందికి ఉందో జీవోలు తిరగేసి ఒక జాబితా చేయండి. అది పది మందికి కాదు, వంద మందికి పంపుతా.