సవరణ: హైలాండ్ కౌంటీ బడుల పన్ను సంగతి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న హైలాండ్ కౌంటీ (మన జిల్లాలాంటిది) మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో "స్కూల్ బోర్డే పన్ను వేసి బడులు నడుపుతుంది" అని ఉంది. టెక్సాస్‌లో చాలాచోట్ల అది నిజమే. వర్జీనియాలో మాత్రం ఏ స్కూల్ బోర్డుకూ పన్ను వేసే అధికారం లేదు. బడుల పాలన చూసే సూపరింటెండెంట్ ఖర్చుల అంచనా తయారుచేస్తారు, బోర్డు దాన్ని ఆమోదించి కౌంటీ పాలకమండలి సభ్యులైన సూపర్‌వైజర్ల ముందు పెడుతుంది. ఆస్తిపన్ను రేటు తేల్చేదీ, డబ్బు ఇచ్చేదీ వాళ్లే. మొత్తంగానైనా ఇస్తారు, బోధన, రవాణా అంటూ పద్దులవారీగానైనా ఇస్తారు. అసలు తిరకాసు ఈ రెండోదానితోనే: బస్సుల పద్దులో మిగిలింది పంతుళ్ల జీతాలకు మళ్లించాలంటే మళ్లీ సూపర్‌వైజర్ల గడప తొక్కాల్సిందే. అయితే సూపరింటెండెంట్‌ను నియమించేది స్కూల్ బోర్డే. పోస్టులో ఆ మాట అలాగే ఉంచాను.