వ్యోమగాములు చెప్పని ఎనిమిది నిజాలట!

ఎక్కడైనా ఒక వ్యోమగామి ఉపన్యాసం ఉందని ప్రకటన రావడం ఆలస్యం, ఫ్యామిలీ గ్రూపుల్లో ఈ ఫార్వర్డ్ దిగిపోతుంది. "పిల్లల్ని వ్యోమగామి టాక్‌కి తీసుకెళ్తున్నారా? స్టేజీ మీద వాళ్ళు చెప్పని ఎనిమిది నిజాలు ఇవి. ప్రశ్నల టైములో నిలదీయండి" అని మొదలవుతుంది. పంపేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, అదే బాధ. ప్రశ్నలకి మహా అయితే ఇరవై నిమిషాలు ఇస్తారు. అందులో సగం ఇది చదివొచ్చిన పెద్దమనుషులు మింగేస్తే, చీటీ మీద ప్రశ్న రాసుకుని నిలబడ్డ పిల్లలకి మైకు అందదు.

చిన్నవి ముందు కానిచ్చేద్దాం. పైన గురుత్వాకర్షణ ఉండదు అన్నది ఒకటోది. అంతరిక్ష స్టేషన్ తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో అది నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. స్టేషనూ అందులోని మనుషులూ కలిసి గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి తేలుతారు. చైనా గోడ కనిపిస్తుందన్నది రెండోది. 2003లో వెళ్ళొచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివేయే తనకి కనబడలేదన్నాడు. ఇంక మనకెందుకు పట్టుదల?

మూడోది ఓంకారం. అంతరిక్షమంతా వినిపిస్తుందట, నాసా దాచిందట. శూన్యంలో శబ్దమే ప్రయాణించదు. స్టేషన్ లోపల మాత్రం రాత్రింబవళ్ళు ఒక రొద ఉంటుంది, ఫ్యాన్లది. వేడిగాలి పైకి లేవడం, చల్లగాలి కిందికి దిగడం అక్కడ జరగదు. గాలి ఆడకపోతే నిద్రపోతున్న మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ అతని మొహం చుట్టూనే పేరుకుంటుంది, తలనొప్పితో లేస్తాడు. అడగదలిస్తే దీని గురించి అడగండి, బోలెడు చెబుతారు. మన సంప్రదాయం పైకి వెళ్ళిందా అంటే, వెళ్ళింది: 1984లో సోవియట్ స్టేషన్ సల్యూట్-7లో రాకేశ్ శర్మ ప్రయోగంలో భాగంగా యోగాసనాలు వేశారు. గర్వపడడానికి అది చాలదా?

నాలుగోది మహా పాతది: అంతరిక్షంలో రాయడానికి నాసా కోట్లు పోసి పెన్ను కనిపెట్టింది, రష్యావాళ్ళు పెన్సిల్‌తో సరిపెట్టుకున్నారు. ఆ పెన్ను పాల్ ఫిషర్ అనే వ్యాపారి సొంత డబ్బుతో తయారుచేశాడు. నాసా 400 కొన్నది, 1969లో సోవియట్లూ 100 కొన్నారు. పెన్సిల్ మొన విరిగితే ఆ ముక్కా పొడీ తేలుతూ పోయి పరికరాల్లో దూరతాయి, గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది. 1967లో అపోలో-1 క్యాబిన్ తగలబడ్డాక మండే వస్తువంటేనే భయం పట్టుకుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నాసా నిజంగానే డబ్బు తగలేసింది, కాకపోతే పెన్సిళ్ళ మీద! 1965లో 34 మెకానికల్ పెన్సిళ్ళు కొన్నది, ఒక్కోటి 128 డాలర్ల పైచిలుకు. ఫార్వర్డ్ రాసినాయనకి ఇది తెలిసుంటే ఎంత సంబరపడేవాడో.

ఐదోది, మూత్రం తాగుతారు. అవును, శుద్ధి చేసి తాగుతారు. చెమట, ఊపిరిలోని తేమ కూడా కలుపుకుని నీటిలో 98 శాతం తిరిగి రాబట్టామని 2023లో నాసాయే చెప్పుకుంది. దాచిందెక్కడ?

ఆరోది, సునీతా విలియమ్స్‌ని తొమ్మిది నెలలు దిక్కులేకుండా వదిలేశారు. 2024 జూన్‌లో ఆమె, బుచ్ విల్మోర్ కలిసి వెళ్ళిన బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌లో హీలియం లీకయింది, స్టేషన్‌కి తగులుకునే సమయంలో ఐదు థ్రస్టర్లు (నౌకని కదిపే చిన్న ఇంజన్లు) మొరాయించాయి. అందుకే సెప్టెంబరులో ఆ నౌకని ఖాళీగా దించారు. అదే నెల చివర స్పేస్‌ఎక్స్ వాళ్ళ క్రూ-9 డ్రాగన్ నౌక ఇద్దరితోనే బయల్దేరింది, మిగతా రెండు సీట్లూ వీళ్ళవే. మరి మధ్యలో ప్రమాదం వస్తే? అప్పటికే అక్కడున్న క్రూ-8 నౌకలో, సీట్ల కింద సరుకు పెట్టే చోట ఫోమ్ పరిచి ఇద్దరికీ తాత్కాలికంగా జాగా చేశారు. వదిలేయడమంటే ఇదా? ఎనిమిది రోజులన్నది 286 రోజులయిందని కోప్పడండి, న్యాయం. కోప్పడాల్సింది ఆ థ్రస్టర్ల మీద.

ఏడోది, కోట్లు పుచ్చుకుంటారు, ఆటోగ్రాఫ్ కూడా ఇవ్వరు. ఉద్యోగంలో ఉన్న నాసా వ్యోమగామి ప్రభుత్వ ఉద్యోగి, ఆ పని గురించి మాట్లాడినందుకు పారితోషికం పుచ్చుకోకూడదు. రిటైరైనవాళ్ళు తీసుకుంటారు, తప్పేముంది? ఇక సంతకం లెక్క చూడండి: 300 మందికి తలా ఇరవై సెకన్లయినా వంద నిమిషాలు. అందుకే నిర్వాహకులు ఆపేస్తారు. అవకాశం దొరుకుతుందేమోనని వెళ్ళేవాళ్ళు పర్మనెంట్ మార్కర్ పట్టుకెళ్ళండి, నిగనిగలాడే ఫోటో మీద బాల్‌పెన్ పడదు.

అసలు విషం ఎనిమిదోది. "టాక్ వింటే ఏమొస్తుంది? మీ పిల్లల్ని జూనియర్ ఆస్ట్రోనాట్ శిక్షణలో చేర్చండి, రూ. 25,000, నాసా గుర్తింపు సర్టిఫికెట్" అని కింద ఒక ఫోన్ నంబరు. ఏడు పాయింట్ల పాటు నాసా దొంగ, ఎనిమిదో పాయింటుకొచ్చేసరికి అదే నాసా ముద్రకి పాతిక వేలు!

నాసా బయట సంస్థల చేత పిల్లలకి వ్యోమగామి శిక్షణ ఇప్పించదు. వాళ్ళ ఎంపికకి అమెరికా పౌరసత్వం, సైన్సో ఇంజనీరింగో గణితమో పీజీ, ఆపైన మూడేళ్ళ అనుభవం లేదా వెయ్యి గంటల పైలట్ అనుభవం కావాలి. 2025లో ఎనిమిది వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే పది మందిని తీసుకున్నారు. గగన్‌యాన్‌కి మొదట ఎంపికైన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లే, శుభాంశు శుక్లాతో సహా. ఏడో తరగతి సర్టిఫికెట్‌తో వాళ్ళలో ఎవరూ లోపలికి రాలేదు.

మరి పేపర్లో "నాసాకి ఎంపికైన విద్యార్థిని" అని ఫోటోలు వస్తాయే అంటారా? చాలాసార్లు అది నేషనల్ స్పేస్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే అంతరిక్ష నివాసాల డిజైన్ల పోటీ, లేదా అమెరికాలో డబ్బు కట్టి వెళ్ళే విద్యార్థి క్యాంపు. హంట్స్‌విల్‌లోని స్పేస్ క్యాంపు మంచిదే, కానీ దాన్ని నడిపేది నాసా కాదు. అంగారకుడికి పేరు పంపితే ఇచ్చే "బోర్డింగ్ పాస్" ఎవరికైనా ఊరికే వస్తుంది, మీ కుక్కపిల్ల పేరు కొట్టినా వస్తుంది. దాన్ని ఫ్రేము కట్టించి స్కూలు గేటుకి తగిలిస్తారు! ఫీజు అడిగినవాళ్ళని రెండే మాటలు అడగండి: సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది, ఈ కార్యక్రమం నాసా సొంత వెబ్‌సైట్లో ఏ పేజీలో ఉంది. ఆ తర్వాత ఫోన్ ఎత్తితే చూడండి.

తొమ్మిదో తరగతి పిల్లలకి ఇస్రో "యువిక" అనే యువ విజ్ఞాని కార్యక్రమం నడుపుతుంది. ప్రయాణం, బస, భోజనం ఖర్చులు ఇస్రోవే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు, పల్లె బడుల పిల్లలకి అదనపు వెయిటేజీ ఉంది. ఇక రాకెట్ ఎగరడం కళ్ళారా చూడాలంటే శ్రీహరికోట గ్యాలరీకి ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. ప్రయోగం తేదీ ఖరారయ్యాక తెరుస్తారు, తెరిచిన కాసేపటికే నిండిపోతుంది. సూళ్లూరుపేటలో రైలు దిగాలి, గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర ఉండాలి. ఫీజు లేదు.