సుగ్గికి పోయే తల్లిని తిట్టే ముందు

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

సాయంత్రం చక్కెర కోసం అంగడికి పోయాను. మా పాపతో పాటు నాలుగో తరగతి చదివే అమ్మాయి వాళ్ళమ్మ అక్కడ సరుకులు కట్టించుకుంటోంది. ఉప్పు, పసుపు, చింతపండు, బట్టల సబ్బులు, ఒక టార్చిలైటు, పైన కప్పుకోవడానికి టార్పాలిన్ పట్ట. కర్నూలు జిల్లాలో మా కోసిగి వైపు వాళ్ళకు ఈ సరుకులు చూస్తే చాలు, రేపో ఎల్లుండో బండి ఎక్కుతారని అర్థమైపోతుంది. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి. ఇట్లా కోతలకు వలస పోవడాన్నే మా వైపు సుగ్గి అంటాం. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, నేను మామా అని పిలిచే మనిషే, ఆమెకు వినబడేటట్టు అన్నాడు: "తల్లికి వందనం డబ్బులు తీసుకునేది, పిల్లోళ్ళను బడి మాన్పించి సుగ్గికి తోలకపోయేది. ఈళ్ళకు సదువెందుకు?"

ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. సంచి ఎత్తుకుని పోయింది. నేను ఊరుకోలేదు. అక్కడ అన్నదే ఇక్కడ కూడా అంటున్నా, ఎందుకంటే ఈ మాట ఆ మామ ఒక్కడిదే అయితే బాధ లేదు. ఊళ్ళో సగం మంది నోట్లో ఇదే మాట.

ముందు ఆ డబ్బుల సంగతే తేల్చుకుందాం. తల్లికి వందనం అంటే పిల్లలను బడికి పంపే తల్లికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. బిడ్డకు 15 వేలు అన్నారు, తల్లి ఖాతాలో 13 వేలు పడ్డాయి. దానికి 75 శాతం హాజరు ఉండాలని నిబంధన. పిల్ల దీపావళి అయినాక పోయి ఉగాదికి తిరిగొస్తే 75 శాతం ఎక్కడినుంచి వస్తుంది? ఆమె డబ్బు తీసుకుని పారిపోవడం లేదు మామా, పోయినందుకు వచ్చే ఏడు ఆ డబ్బే పోగొట్టుకుంటోంది. 13 వేలు పోతాయని తెలిసి కూడా బండి ఎక్కుతోందంటే ఆ ఇంట్లో ఎంత కష్టం ఉందో ఒక్కసారైనా ఆలోచించావా? రెండెకరాల మెట్ట చేను, పత్తి పెట్టుబడికి తెచ్చిన అప్పు, కూలీలను తోలకపోయే మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు. ఆ అడ్వాన్సు తీరాలంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చేలో ఉండాలి. చంకలో ఏడాదిన్నర పిల్లోడు. వాణ్ని ఎవరు ఎత్తుకుంటారు? ఆ నాలుగో తరగతి పిల్లే. అందుకే ఆమెను తీసుకుపోతున్నారు. ఎదుగుతున్న ఆడపిల్లను కళ్ళు కనిపించని అవ్వ దగ్గర అన్ని నెలలు ఒంటరిగా వదిలిపెట్టే ధైర్యం మనలో ఎవరికుంది?

ఆ పిల్ల గురించి చెప్పాలి మీకు. లెక్క బోర్డు మీద పడీపడగానే పలక పైకెత్తేది ఆమే. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో కన్నడమే మాట్లాడతారు. కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లలకు సార్ చెప్పే తెలుగు సగం అర్థం కాదు. సార్‌ది నంద్యాల వైపు, ఆయనకు కన్నడం రాదు. చేతిలో పుస్తకమేమో ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు. మధ్యలో ఈ పిల్ల కూర్చుని చిన్నోళ్ళకు సార్ మాట కన్నడంలో చెప్తుంది, వాళ్ళ మాట సార్‌కు తెలుగులో చెప్తుంది. రేపటినుంచి ఆ పని ఎవరు చేస్తారో సార్‌కే తెలియదు. నిన్న బడిలో ఆ పిల్ల అడిగిందట, "సార్, పుస్తకాలు తీసుకుపోవచ్చా?" అని. తీసుకుపో తల్లీ, అక్కడ కూడా చదువుకో అన్నాడట. మా పాప ఇంటికొచ్చి చెప్పింది. అక్కడ ఎక్కడ చదువుకుంటుంది? చేను గట్టున పట్టా గుడారంలో, కరెంటు లేని చోట, తమ్ముణ్ని ఒళ్ళో పెట్టుకునా? మధ్యాహ్నం బడిలో గుడ్డు ఉండేది, రాగిజావ ఉండేది, చిక్కీ ఉండేది. అవి కూడా పోతాయి.

బడి అంటే ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. 60 మంది వరకు ఇద్దరు చాలని విద్యాహక్కు చట్టం పట్టికలో ఉంది. అది పిల్లలను లెక్కపెట్టిందే కానీ తరగతులను లెక్కపెట్టలేదు. ఒక గదిలో మూడు తరగతులు కూర్చుంటే ఏ టీచరైనా ఎవరికి చెప్తాడు? దానికి తోడు ఫోను. హాజరు ఫోటో, భోజనం ఫోటో. సిగ్నల్ కోసం సార్ గేటు దగ్గరికి పోయి నిలబడతాడు, లోపల పిల్లలు గోల చేస్తుంటారు. దారిన పోయేవాళ్ళు అది చూసి "సార్ ఎప్పుడూ ఫోన్లోనే" అంటారు. ఆయన దసరా ముందు ఇంటింటికీ తిరిగి "పిల్లలను వదిలి పోండమ్మా, నేను చూసుకుంటా" అని బతిమాలాడు, అది మాత్రం ఎవరూ చెప్పరు. ఎక్కడ ఉంచుకుని చూసుకుంటాడు ఆయన? తను అద్దెకుండేదే ఒక్క గది.

సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. తల్లిదండ్రులు వలస పోతే పిల్లలు ఊళ్ళోనే ఉండి, తిని, పడుకుని, అదే బడిలో చదువుకోవాలని పెట్టారు. చాలా మంచి పథకం, నేను మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ ఎప్పుడు తెరుస్తారు? బండ్లు నంద్యాల దాటిపోయాక. పోయిన ఏడు మా ఊళ్ళో అదే జరిగింది. వంట మనిషి కుదిరి, సరుకులకు మంజూరు వచ్చేసరికి పిల్లలు లేరు. తర్వాత పిల్లలే లేరు, హాస్టల్ అనవసరం అన్నారు. దసరా సెలవులకు ముందే తలుపు తెరిచి, రాత్రి పడుకునే ఒక ఆయమ్మను చూపిస్తే, తల్లి తన కళ్ళతో చూసుకుని ధైర్యంగా వదిలి పోతుంది. ఇంతకంటే పెద్ద ఆలోచన అక్కర్లేదు దీనికి.

ఇంకోటి చెప్పాలి, ఇది నాకు చాలా రోజులుగా గొంతులో ఉంది. అదే మామ కొడుకు బెంగళూరులో ఉద్యోగం. రెండేళ్ళ కిందట చెన్నైకి మార్చారు, ఏడాది మధ్యలో మనవడి స్కూలు మారింది. ఊళ్ళో ఎవరైనా అన్నారా, పిల్లోడి చదువు పాడుచేశాడని? ట్రాన్స్‌ఫర్ అన్నారు, పాపం ఇబ్బంది అన్నారు. కొడుకు బతుకుతెరువు కోసం పోతే ట్రాన్స్‌ఫర్, ఈ తల్లి బతుకుతెరువు కోసం పోతే బుద్ధిలేనితనమా? ఇద్దరూ పోయింది పని ఉన్న చోటికే. ఒకరికి అక్కడ స్కూలు సీటు ముందే సిద్ధం, ఇంకొకరికి చేను గట్టు.

పని ఇక్కడే ఉంటే ఎవరు పోతారు? తుంగభద్ర మా పక్కనుంచే పారుతోంది. మంత్రాలయంలో జనం వచ్చి ఆ నదిలో స్నానం చేసి పోతారు, మా చేలు మాత్రం వాన కోసం చూడాలి. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యామ్ నుంచి ఎల్లెల్సీ, అంటే దిగువ కాలువ, మా జిల్లాలోకే వస్తుంది, చివరి చేలకు వచ్చేసరికి తడి కూడా ఉండదు. 2024 ఆగస్టులో అక్కడ 19వ గేటు కొట్టుకుపోయి నీళ్ళన్నీ కిందికి పోతుంటే టీవీలో చూసి మా నాన్న అన్నం తినలేదు. ఆర్డీఎస్ (రాజోలిబండ) కుడి కాలువ, వేదవతి ఎత్తిపోతల అని పేర్లు వింటూనే ఉన్నాం. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర నీళ్ళు ముందు సీమకే అని రాసుకున్నారు. ఆ ఒప్పందాన్ని రాజధాని కోసం, హైకోర్టు కోసం ఎత్తి చూపే పోస్టులు నా ఫీడ్ నిండా ఉంటాయి. నేనూ షేర్ చేస్తాను, అది న్యాయమే. కానీ ఆ ఒప్పందంలో నీళ్ళ మాట కూడా ఉందని, ఆ నీళ్ళు రాకనే మా పిల్ల క్లాసులో బెంచీలు ఖాళీ అవుతున్నాయని ఎంతమంది రాశారు? 2011 జనాభా లెక్కల్లో మన కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది. నీళ్ళు లేని ఊళ్ళూ, చదువు రాని ఊళ్ళూ ఒకటేనని మాలాంటి ఊళ్ళలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

డబ్బులు లేవు, మనుషులు లేరు అని మాత్రం నాకు చెప్పొద్దు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సరిగ్గా మిరప కోతల కాలం. అప్పుడు మా ఊరినుంచి గుంటూరు దిక్కుకు బండ్లు పోయాయి. ఎవరు ఏ చేలో ఉన్నారో మేస్త్రీలకు ఫోన్లు చేసి కనుక్కుని, కూలి నష్టపోకుండా చేతిలో డబ్బు పెట్టి, రాత్రికి రాత్రి తీసుకొచ్చి ఓటు వేయించి తెల్లారి మళ్ళీ దింపి వచ్చారు. ఓటరు ఎక్కడున్నాడో ఊళ్ళో ప్రతి పెద్దమనిషికీ తెలుసు. ఓటరు బిడ్డ ఎక్కడుందో ఒక్కరికీ తెలియదా? ఆ బండ్ల డీజిల్ డబ్బుతో మా బడిలో ఒక ఆయమ్మకు సీజనంతా జీతం ఇవ్వచ్చు. ఆ రోజు ఒక బండి ముందు సీట్లో కూర్చుని పోయింది ఎవరో తెలుసా? ఈ మామే. అరుగు మీద ఆయన మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే, ముఖం మీదే అడిగేశాను. లేచి ఇంటికి పోయాడు.

పల్నాడులో, గుంటూరులో ఉండి ఇది చదివే టీచర్లు, రైతులు ఉంటే ఒక మాట. మీ ఊరి చేల పక్కన పట్టా గుడారాలు కనిపిస్తే అందులో మా పిల్లలు ఉంటారు. వాళ్ళ తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది, దానికి నవ్వొద్దు. టీసీ లేదని, ఆధార్‌లో వేరే జిల్లా ఉందని వెనక్కి పంపొద్దు. టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. రైతన్నా, కోతలకు కూలీలను పిలిచేటప్పుడు మేస్త్రీకి చెప్పు, బడి వయసు పిల్లలను పగలు మా ఊరి బడికి పంపాలి అని. చంటి పిల్లోణ్ని అంగన్‌వాడీలో చేర్పిస్తే అక్క చేతులు ఖాళీ అవుతాయి, ఆమె బడికి వస్తుంది. నాలుగో తరగతిలో కూర్చోబెట్టండి, లెక్కల్లో మీ పిల్లలతో పోటీ పడుతుంది.