'ఫాల్ ఆఫ్ రీచ్' ఆటకు వెండితెర నవలా?

'హేలో: ద ఫాల్ ఆఫ్ రీచ్' గురించి ఒక మాట ఏళ్లుగా ప్రచారంలో ఉంది. వీడియో గేమ్ మీద వచ్చిన నవల కాబట్టి ఆటలో ఆడిందే మళ్లీ అక్షరాల్లో ఉంటుందట. ఎరిక్ నైలండ్ దాన్ని ఏడు వారాల్లో చుట్టేశాడట. లోపల తుపాకుల మోత, సైన్యానికి జేజేలు తప్ప ఇంకేం లేవట. 2010లో 'హేలో: రీచ్' ఆట వచ్చాక దానికి ఆ కాస్త విలువా పోయిందట. ఈ మాట విని పుస్తకాన్ని ముట్టుకోకుండా వదిలేసినవాళ్లు నాకు తెలుసు. నాలుగు ఆరోపణల్లో నిజమున్నది ఒక్కదాంట్లోనే. దానివల్ల కూడా నవలకు తక్కువేమీ రాదు.

ఆటకు కాపీ అన్న ఆరోపణ తేదీలు చూస్తేనే నిలబడదు. నవల 2001 అక్టోబరులో అచ్చయింది. మొదటి 'హేలో' ఆట ఎక్స్‌బాక్స్‌తో పాటు నవంబరు 15న బజారులోకి వచ్చింది. అంటే మొదటి పాఠకులు పుస్తకం తెరిచేనాటికి ఆడిన ఆటంటూ లేదు. కథ కూడా వేరే. పిల్లర్ ఆఫ్ ఆటమ్ అనే యుద్ధనౌక రీచ్ గ్రహం నుంచి తప్పించుకుని అంతరిక్షంలో ఒక పెద్ద వలయం దగ్గరకు చేరడంతో ఆట మొదలవుతుంది. నవల అక్కడికొచ్చి ఆగుతుంది. సినిమా చూసొచ్చి అదే కథను వెండితెర నవలగా చదువుకోవడం మన పాఠకులకు తెలిసిన ముచ్చటే. ఆ పేరు తగిలించాల్సిన పుస్తకం ఈ వరసలోనే ఒకటుంది. 2003లో విలియం డీట్జ్ రాసిన 'హేలో: ద ఫ్లడ్' మొదటి ఆట కథనే నవలగా చెబుతుంది. రెండో పుస్తకానికి చెల్లే మాటను తెచ్చి మొదటిదానికి అంటగట్టారు.

అసలు ఆ ఆటలో హీరోకి పేరే వినపడదు. అందరూ మాస్టర్ చీఫ్ అని హోదాతోనే పిలుస్తారు. జాన్ అనే పేరు, ఆ పేరున్న ఆరేళ్ల పిల్లాడు, వాణ్ణి సైన్యం కోసం ఎంచుకున్న శాస్త్రవేత్త డాక్టర్ క్యాథరీన్ హాల్సీ, వీళ్లంతా ఈ నవలలోనే మనకు మొదట కనిపిస్తారు.

ఏడు వారాల సంగతి నిజమే. అయితే ఏంటి? ఈ వారం భాగం ఈ వారమే రాసి ప్రెస్సుకి పంపిన సీరియళ్లు చదువుతూ పెరిగిన భాష మనది. ఎన్నాళ్లు పట్టిందన్నది చూసి నవలను తూచడం మనకు అలవాటు లేదు. తొందర ఆనవాళ్లు లేవని మాత్రం అనను. నౌకల యుద్ధాలు కొన్నిచోట్ల క్షిపణుల లెక్కల పద్దులా సాగుతాయి. జాన్‌తో పాటు పెరిగిన ఫ్రెడ్, లిండా లాంటి తోటి సైనికులు ఈ పుస్తకంలో దాదాపు పేర్లుగానే మిగిలిపోతారు. అయినా జాన్ లాంటి పిల్లలకు సైనిక శిక్షణ ఇచ్చే అధ్యాయాలు చదివినవాళ్లెవరూ నైలండ్‌కి కథ చెప్పడం రాదని అనలేరు. మొదట్లో ఒక పరుగు పందెం ఉంటుంది. గంట కొట్టి రావాలి, వెనకబడ్డ జట్టుకి ఆ రాత్రి తిండి లేదు. జాన్ అందరికన్నా ముందే పరుగెత్తి గంట కొడతాడు. జట్టులోని శామ్, కెల్లీ వెనకబడిపోతారు కాబట్టి ముగ్గురూ పస్తుంటారు. జట్టు గెలవకపోతే నువ్వు గెలిచినట్టు కాదని శిక్షకుడు మెండెజ్ అప్పుడు చెబుతాడు. తర్వాత అడవిలో వదిలేసే పరీక్ష వస్తుంది. విమానం దగ్గరకు ఆఖరున వచ్చినవాణ్ణి అక్కడే వదిలేస్తారు. ఆ ఆఖరివాడు తనే అవుతానని జాన్ నిలబడతాడు. వాడు ఏం నేర్చుకున్నాడో రచయిత ఒక్క ముక్క కూడా వివరించడు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది యుద్ధానికి భజన అన్న ఆరోపణ. ఈ పుస్తకంలో జాన్ కథ మొదలయ్యేచోట మానవజాతి సైన్యం చేసే పని ఏమిటో ఒక్కసారి చూడండి. 2517లో డెబ్బై అయిదుమంది ఆరేళ్ల పిల్లలను ఇళ్ల నుంచి ఎత్తుకుపోతుంది. వాళ్ల మంచాల మీద అచ్చం వాళ్లలాగే ఉండే క్లోన్లను పడుకోబెడుతుంది. ఆ నకలు శరీరాలు ఎక్కువకాలం నిలవవు, జబ్బు చేసి చనిపోతాయి. తల్లిదండ్రులు తమ బిడ్డే పోయాడనుకుని ఏడ్చి పాతిపెట్టుకుంటారు. తీసుకుపోయిన పిల్లలకు పద్నాలుగేళ్లొచ్చాక ఎముకలు, కండరాలు, కళ్లు మార్చే శస్త్రచికిత్సలు చేస్తారు. ముప్ఫైమంది చనిపోతారు. పన్నెండుమంది వికలాంగులవుతారు. ముప్ఫైముగ్గురు మిగులుతారు.

ఇదంతా గ్రహాంతరవాసుల నుంచి మనుషుల్ని కాపాడటానికా? ఆ పిల్లలను ఎత్తుకుపోయేనాటికి కావెనెంట్ అనే శత్రువున్నాడని మనుషులకు తెలియదు. వలస గ్రహాల్లో తిరగబడుతున్న సాటి మనుషులను అణచడానికే ఈ పిల్లలను స్పార్టన్లనే సైనికులుగా తయారుచేశారు. శస్త్రచికిత్సల తర్వాత వాళ్లకు అప్పగించే పని కూడా తిరుగుబాటుదారుల నాయకుణ్ణి పట్టి తేవడమే. కావెనెంట్ చేతిలో హార్వెస్ట్ గ్రహం నాశనమైన వార్త ఆ తర్వాతే వస్తుంది. నైలండ్ పెట్టిన ఈ వరసలోనే నవల బలమంతా ఉంది. పుస్తకం ఆరంభ దృశ్యంలో కావెనెంట్‌తో పోరు కనిపించినా, పిల్లలను ఎత్తుకుపోవడానికి కారణంగా ఆ శత్రువునే చూపించి ఉంటే హాల్సీ చేసిన పనిని మనం అవసరమని ఒప్పేసుకునేవాళ్లం. ఆ సౌకర్యాన్ని ఆయన మనకివ్వలేదు.

చనిపోయిన పిల్లల అంత్యక్రియలు అంతరిక్షంలో జరుగుతాయి. నాయకుడు తనవాళ్లను చావుకి పంపాల్సి వస్తుందని, ప్రాణాన్ని వెచ్చించడం వేరు, వృథా చేయడం వేరని మెండెజ్ అంటాడు. మరి వీళ్ల విషయంలో జరిగింది ఏది అని జాన్ అడుగుతాడు. మెండెజ్ చీకటివైపు తిరిగి ఊరుకుంటాడు. ఈ పేజీ చదివి ఇది సైన్యానికి జేజేలు అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఇక 2010 ఆట ఈ నవలను కొట్టేసిందన్న మాట. తేడాలున్నాయి, కాదనను. నవలలో రీచ్ గ్రహం కావెనెంట్ దాడికి 2552 ఆగస్టు 30న ఒక్క రోజులో కూలిపోతుంది. ఆటలో పోరు జులై నుంచే నడుస్తుంది. నవలలో అంతరిక్షంలో ఉన్న పిల్లర్ ఆఫ్ ఆటమ్ ఆటలో నేల మీద రేవులో కనిపిస్తుంది. ఆ ఏడాది నవలను మళ్లీ అచ్చువేసినప్పుడు సవరణలు చేశారు, కొత్త పేజీలు చేర్చారు. పనికిరాని పుస్తకాన్ని సవరించి మళ్లీ ఎవరూ అచ్చువేయరు. పైగా ఆ ఆటలో ప్రధాన పాత్ర నోబుల్ సిక్స్ అనే వేరే సైనికుడు. జాన్ బాల్యం జోలికి అది పోనేలేదు. 2012లో వచ్చిన 'హేలో 4' ఆట మొదలయ్యేదే స్పార్టన్ల గురించి హాల్సీని నిలదీసే దృశ్యంతో. 2022 నాటి టీవీ సీరియల్ జాన్ కథను ఎంతో మార్చినా, ఎత్తుకుపోయిన పిల్లలను, వాళ్ల స్థానంలో పెట్టిన క్లోన్లను మాత్రం వదులుకోలేకపోయింది.